చన్నీళ్ళ తలస్నానం

మా మేనత్త అన్నపూర్ణేశ్వరి ఢిల్లీలో నేను చదివే స్కూల్లోనే లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. కాకినాడ నుంచి తమ్ముణ్ణి, అంటే మా నాన్న భీమేశ్వరరావును, తెచ్చుకుని చదివించి, గవర్నమెంటు ఆఫీసులో కుదురుకునేదాకా నిద్రపోలేదు. ఆ తర్వాత మా క్వార్టర్లోనే ఉండిపోయింది. ఆవిడ నోటికి జడిసి మా పాలవాడు పాలల్లో నీళ్ళు కలిపేవాడు కాదు.

చావు కబురు వింటే మావాళ్ళు తలస్నానం చేస్తారు. అత్త చేసేది కాదు. "మడీ తడీ రైలెక్కిన్నాడే గోదాట్లో వదిలేశాను" అనేది. సొంత పెదనాన్న పోయారని టెలిగ్రాం వస్తే, కాళ్ళు కడుక్కుని పరీక్ష పేపర్లు దిద్దుకుంది. అమ్మ చాటుగా లెంపలు వేసుకుంది.

1983 వేసవిలో మా స్కూలు పిల్లల్ని మాస్కో పంపారు. అక్కడి పిల్లలు అంతకుముందు చలికాలంలో మా దగ్గరికి వచ్చి వెళ్ళారు, ఇప్పుడు మా వంతు. తోడు టీచరు అత్త. పాలం విమానాశ్రయంలో నన్ను పక్కకు పిలిచింది.

"అక్కడ నేను నీకు అత్తను కాదు, మేడమ్‌ని. తెలిసిందా?"

"ఠీక్ హై, మేడమ్" అన్నాను.

వేసవిలో అక్కడ పైపులు బాగుచేసుకోవడానికి వేడినీళ్ళు ఆపేస్తారట. మా హాస్టల్లో చన్నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఎవరూ తల తడుపుకోకూడదని, జ్వరమొస్తే మా అమ్మలకు తాను జవాబు చెప్పలేనని అత్త హుకుం జారీ చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఎంబసీ నుంచి ఆవిడకు ఫోనొచ్చింది. అందులో ఏముందో నాకు తర్వాత తెలిసింది. నాన్న ఆఫీసులో కుప్పకూలి ప్రాణం వదిలాడు. దహనం కూడా అయిపోయింది. పిల్లకు అక్కడ చెప్పొద్దని, వచ్చాక తనే ఒళ్ళో పెట్టుకుని చెబుతానని అమ్మ బతిమాలి కబురు పెట్టింది. అత్త సరేనంది.

మేం హాల్లో వీడ్కోలు సభకు పాట నేర్చుకుంటున్నాం. అత్త వచ్చి నిలబడింది. వేరే చీర కట్టుకుంది. జుట్టు విరబోసుకుని ఉంది, నీళ్ళు జాకెట్టు మీదికి కారుతున్నాయి.

"ఆపారేం? పాడండి" అంది మామూలు గొంతుతో.

మేడమ్ తన రూలు తనే తప్పిందని పిల్లలు కిసుక్కున నవ్వారు. పెదనాన్నకే తల తడపని మనిషి, ఈ చన్నీళ్ళు ఎవరి కోసం పోసుకుంటుంది? ఆవిడకున్నది ఒక్కడే తమ్ముడు.

దగ్గరికి వెళ్ళాను. "అత్తా, నాన్నేనా?"

అత్త నా చెయ్యి పట్టుకుని, "రా అమ్మా, నీకూ నీళ్ళు పోస్తాను" అంది.

హాస్టల్ కాపలా ముసలమ్మ దగ్గర టీ కెటిల్ అడిగి తెచ్చింది. మళ్ళీ మళ్ళీ నీళ్ళు కాచి, చన్నీళ్ళు కలిపి, నా తల మీద పోసింది. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు.

పాలంలో అమ్మ నా మొహం చూడగానే గ్రహించింది.

"చెప్పొద్దన్నాను కదా వదినా" అని అత్త భుజం మీద పడి కుమిలిపోయింది.

"నేను చెప్పలేదే" అంది అత్త. "వాడి పేర నాలుగు చెంబుల నీళ్ళు పోసుకోకుండా ఉండలేకపోయాను."