డాక్టర్లకు మొలక కట్టిన బాపయ్య

మల్లట్ దగ్గర, వలస వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో ఉండే బాపయ్యను మోసం చేయగల విత్తనాల కొట్టువాడు ఇంతవరకు పుట్టలేదు. సీలు వేసిన బస్తా అయినా సరే, వంద గింజలు తడిగుడ్డలో మూటగట్టి, మూడు రోజులాగి, ఎన్ని మొలకెత్తాయో చూశాకే నారుమడిలో చల్లుతాడు. తణుకు నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద పొలం కొన్న తండ్రి నేర్పిన పద్ధతి అది. నలభై ఏళ్లలో ఒక్కసారీ నారు తప్పలేదు. మనిషికి పొగరెక్కడానికి ఇంకేం కావాలి?

పోయినేడాది నాట్లప్పుడు గట్టుమీద నడుస్తూ కుడివైపు బోదెలో రెండుసార్లు పడ్డాడు. ఎడమకన్ను మూసి చూస్తే పొలానికి నడిమధ్యే ఉంది, అంచులు లేవు.

"వెంటనే చూపించుకోండి," అంది భార్య లక్ష్మీతిరుపతమ్మ.

"చూపించుకుంటానే. కానీ ఇది ఒక్కసారితో పోయేదిలా లేదు. జన్మంతా ఒకడి చేతిలో కన్ను పెట్టాలంటే, వాడు నికార్సయినోడో కాదో తేల్చుకోవద్దా?"

తేల్చుకునే దారి ఆయనకు ఒక్కటే తెలుసు. బాగున్న ఎడమకన్ను చూపించి, "ఇది మసగ్గా ఉందండీ" అనడం. అబద్ధం పట్టుకున్నవాడే డాక్టరు.

మొదటాయన ఎడమకంటికి చుక్కల మందు రాశాడు. రెండో ఆయన అద్దాలు మార్చాడు. మూడో ఆయన, "మంచివేళకు వచ్చారు, ఎడమకంట్లో శుక్లం మొదలైంది," అని మెచ్చుకున్నాడు. ఎవరినీ తొందరపడి తోసెయ్యలేదు బాపయ్య. గింజకు మూడు రోజులిచ్చే మనిషి డాక్టరుకు మూడు నెలలివ్వడా? మళ్లీ మళ్లీ వెళ్లి, తప్పు దిద్దుకునే అవకాశం ధర్మంగా ఇచ్చాకే ఇంకొకరి దగ్గరికి వెళ్లాడు.

"విత్తనం చెడితే ఇంకో బస్తా తెచ్చుకుంటాం. కన్ను ఏ కొట్లో దొరుకుద్దండీ?" అంది లక్ష్మీతిరుపతమ్మ. ఆడవాళ్లకు వ్యవసాయం తెలియదని ఆయన అభిప్రాయం. నారు తీసేదీ నాటేదీ ఆవిడే.

నాలుగో డాక్టరు పక్క ఊరు మాన్విలో ఉండే సుమంగళ. ఈసారి భార్య కూడా వెంట వెళ్లింది. ఆమె ఎడమకన్ను చూసింది, అడక్కుండానే కుడికన్నూ చూసింది. మిషన్ల దగ్గర కూర్చోబెట్టి మళ్లీ రెండూ చూసింది.

"ఎడమది మసక అంటిరి. అది మంచిగనే ఉంది. ఖరాబైంది కుడిది. నీటికాసులు."

బాపయ్య తొడ చరిచాడు. "దొరికావు తల్లీ! నువ్వే నా డాక్టరువి!" అని, తన మొలక పరీక్ష సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

సుమంగళ నవ్వలేదు. "ఎన్ని నెలల సంది చేస్తున్రు గిట్ల?"

"తొమ్మిది."

"ఈ రోగం నొప్పి పెట్టదు పెద్దాయనా. అంచుల నుంచి తినుకుంట వస్తది. పోయిన చూపు మళ్ల రాదు. ఉన్నది కాపాడుకోవాలె. రోజూ చుక్కలు ఏసుకోండ్రి, నెలకోసారి రాండ్రి."

బాపయ్యకు భయం వేసింది. తనకు తెలిసిన లెక్కలోనే అడిగాడు.

"నూటికి ఎంత మిగిలిందమ్మా?"

"కుడికంట్ల ముప్పై ఉంటదేమో."

నూటికి ముప్పై మొలకెత్తిన విత్తనాన్ని బాపయ్య ఏనాడూ గడప దాటనివ్వలేదు. ఆ సాయంత్రం మాత్రం, ఆ ముప్పైని భార్య చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాడు.