ప్లాస్టరు కింద బటన్

ఆ కళ్లద్దాల వర్క్‌షాపులో కంప్యూటర్ ఆన్ చెయ్యడం ఒక్క మనిషికే వచ్చు. ఆమె ఆ ఇంటి పెద్ద కోడలు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి స్విచ్ వేస్తుంది. తెర మీద ఏమీ రాదు. ఆమె కంగారుపడదు. చేతిసంచీ మేకుకు తగిలించి, కుర్చీ తుడుచుకుని, లోపలి ఫ్యాను ఈల మానేసి గురక మొదలుపెట్టేదాకా ఆగుతుంది. అప్పుడు పెట్టె ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటి చరుస్తుంది. తెర వెలుగుతుంది. ఇదంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు.

పందొమ్మిదేళ్లుగా ఇదే వరస. రెండో కాన్పుకు ఆస్పత్రిలో ఉన్న రోజున మామగారు ఫోన్ చేసి, పాపా బాబా అని అడిగాక, "ఎడమ పక్కనా, కుడి పక్కనా?" అని అడిగారు. ఆ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పేది ఫిర్యాదులాగే. వినేవాళ్లకు మాత్రం మెడలో పతకం చూపిస్తున్నట్టు ఉండేది.

ముందు గదిలో దుకాణం. అక్కడ ఆమె భర్త కళ్లద్దాలు అమ్ముతాడు. వెనక గదిలో వర్క్‌షాపు. కిటికీ దగ్గర బల్ల మీద మామగారు ఫ్రేములు సరిచేస్తారు. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా పురుగంత స్క్రూను ఒక్క చూపులో పట్టగలరు. గది మధ్యలో అద్దాలు అరగదీసే యంత్రం. దాని దగ్గర ఉండే పనివాణ్ణి ఇంటిల్లిపాదీ బాబాయి అంటారు. కంప్యూటర్ ఫ్రేము ఆకారాన్ని యంత్రానికి చెబుతుంది. యంత్రం ముందు గరుకు రాయి మీద, తరవాత నున్న రాయి మీద అద్దాన్ని తిప్పి, ఆ ఆకారానికి తెస్తుంది. యంత్రం ఇంకో ఇరవయ్యేళ్లు తిరుగుతుంది. కంప్యూటరే చావుకు దగ్గరపడింది. దానిలోని ప్రోగ్రాము రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

చిన్న కోడలు ఆ ఇంటికి వచ్చి రెండేళ్లు. ఏదో ఆఫీసుకు ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తుంది. మనిషి మంచిదే. పెద్ద కోడలికి అదే పెద్ద ఇబ్బంది. చెడ్డదైతే నలుగురిలో కూర్చుని తిట్టుకోవచ్చు. ఈ పిల్ల అందరికంటే ముందు లేస్తుంది, తల వెనక్కి వేసి నవ్వుతుంది, "అక్కా, నీ జడ ఎంత బాగుందో" అని నిజంగానే అంటుంది. వీటన్నిటినీ పెద్ద కోడలు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. మామగారు చిన్న కోడల్ని "భలే" అంటారు.

మామగారు మాటల పొదుపరి. పెద్ద కోడలు ఏం చేసినా ఆయన జవాబు "ఊ". చెడిపోయిన తీగ తనే అతికిస్తే "ఊ". పండగ సెలవుల ముందు ఒక్క రోజులో డెబ్భై జతలు పూర్తి చేస్తే "ఊ". ఆయనకు ఆ మాట తప్ప రాదేమోనని ఆమె సరిపెట్టుకుంది. అలాంటి మనిషి, చిన్న కోడలు వచ్చిన వారంలో ఆయన ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే, "భలే" అన్నారు. నోట్లో ఆ మాట అన్నేళ్లూ ఉంచుకునే తనకు ఇవ్వలేదని ఆ రోజు ఆమెకు తెలిసింది. కడుపులో ఎవరో కుంపటి ముట్టించినట్టయింది. అది మళ్లీ ఆరలేదు.

ఆ శీతాకాలం ఒక ఉదయం కంప్యూటర్ మూడు దెబ్బలకు గాని లేవలేదు. మర్నాడు ఐదు. మామగారు కిటికీ దగ్గర నుంచి చూశారు. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తారు.

"నేను చూడనా మామయ్యా?" అంది చిన్న కోడలు.

"చూడ్డానికేముంది? కొత్తవాటిలో ఆ ప్రోగ్రాము నడవదు. ఇదివరకే ఇద్దరొచ్చి చెప్పి వెళ్లారు" అంది పెద్ద కోడలు, కూర వడ్డిస్తూ.

"నేరుగా అయితే నడవదక్కా. పాత ప్రోగ్రాముకు పాత ప్రాసెసర్ భాష ఒక్కటే వచ్చు. ఇప్పుడొచ్చే చిప్పుల భాష వేరు. అందుకని మధ్యలో దుబాసీలాంటి ఇంకో ప్రోగ్రామును కూర్చోబెడతాను. అది పాత ప్రాసెసర్‌లా నటిస్తుంది. పాతది చెప్పే ప్రతి ముక్కా కొత్తదానికి అర్థమయ్యేట్టు మార్చి చెబుతుంది. తను ఇల్లు మారానన్న సంగతే పాత ప్రోగ్రాముకు తెలీదు."

"ఇల్లు మారిన సంగతి తెలీకుండా ఉండే అదృష్టం ప్రోగ్రాములకే ఉంటుంది. కోడళ్లకెక్కడిది" అంది పెద్ద కోడలు.

అందరూ నవ్వారు. చిన్న కోడలు అందరికంటే ఎక్కువగా, తల వెనక్కి వేసి నవ్వింది.

పది రోజుల్లో ఆమె సబ్బుబిళ్లంత కొత్త పెట్టె ఒకటి తెచ్చి యంత్రానికి తగిలించింది. దానికి ఫ్యాను లేదు. ఈల లేదు, గురక లేదు. స్విచ్ వేయగానే, పెద్ద కోడలు పందొమ్మిదేళ్లుగా చూస్తున్న అదే నీలం తెర, అవే తెల్ల అక్షరాలు, రెప్పపాటులో ప్రత్యక్షమయ్యాయి. తన పెట్లో నగ ఎదుటామె మెడలో కనిపించినట్టు అనిపించింది ఆమెకు.

పరీక్షకు గాజు ఎందుకు పాడుచెయ్యడమని పల్చటి ప్లాస్టిక్ అద్దాలు ఆరు పెట్టారు. ఆరూ బాగానే వచ్చాయి. మామగారు ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "భలే" అన్నారు.

పాత కంప్యూటర్ని మూల బల్ల మీదికి జరిపారు. దాని ముందున్న కుర్చీ కూడా అటే వెళ్లింది. కొత్త పెట్టెకు కుర్చీ అక్కర్లేదు. బాబాయే నిలబడి మీట నొక్కుకోవచ్చు. పెద్ద కోడలికి మర్నాటి నుంచి ముందు గదిలో కళ్లద్దాల గుడ్డలు మడతపెట్టే పని మిగిలింది.

"హాయి కదా" అన్నాడు భర్త.

"మీరు మడవండి ఆ హాయిని" అంది ఆమె.

మూడోరోజున గాజు అద్దాల పని వచ్చింది. మందపాటివి, ప్రత్యేకంగా చేయించినవి. మొదటిది అంచు దగ్గర పెచ్చు లేచింది. రెండోది మధ్యకు చీలింది. మధ్యాహ్నానికి మూడోదీ పోయింది. చిన్న కోడలు తెర ముందు కూర్చుంది. పెద్ద కోడలు గుమ్మంలో నిలబడి గుడ్డ మడుస్తోంది. ఆ సాయంత్రం ఆమె వేసిన మడతలు ఇస్త్రీ చేసినంత చక్కగా వచ్చాయి.

ఎందుకు పగులుతున్నాయో ఆమెకు తెలుసు. రెండో అద్దం పగిలిన చప్పుడుకే తెలిసిపోయింది. ఆ చప్పుడు ఆమె ఇంతకుముందు విన్నదే.

పాత కంప్యూటర్ ముందు భాగంలో, స్విచ్ పక్కన, గాయానికి అంటించే ప్లాస్టరు ముక్క ఒకటి ఉంది. మాసి నల్లబడింది. అది విరిగిన చోట అతికించిందని అందరూ అనుకుంటారు. దాని కింద ఒక బటన్ ఉంది. ఆ రోజుల కంప్యూటర్లకు వేగం పెంచడానికి అలాంటి బటన్ ఉండేది. కాపురానికి వచ్చిన నెలలోనే, పని తొందరగా పూర్తిచేసి మామగారి మెప్పు పొందుదామని ఆమె దాన్ని నొక్కింది. గరుకు రాయికీ నున్న రాయికీ మధ్య యంత్రం కాసేపు ఆగుతుంది. ఆ వ్యవధిలో అద్దం మీదికి నీళ్లు చేరాలి. బటన్ నొక్కాక ఆ ఆగడం సగమైంది. నీళ్లు అందక, పొడిగా రాయి తగిలి, రెండు రోజుల్లో పదకొండు గాజు అద్దాలు పగిలాయి. కారణం ఆమెకు తోచి బటన్ మళ్లీ నొక్కేసరికే మామగారు కారణం తేల్చేశారు. బాబాయిని పిలిచి, "నీ చెయ్యి మొద్దుబారింది" అని యంత్రం దగ్గర నుంచి తప్పించి, పెట్టెలు కట్టే బల్ల దగ్గరికి పంపేశారు. నెలరోజుల కోడలు నోరు విప్పలేదు. ఆ రాత్రి వేలికని తెచ్చుకున్న ప్లాస్టరు బటన్‌కి వేసింది.

నాలుగో అద్దం పగిలినప్పుడు మామగారు కిటికీ దగ్గర నుంచి లేచారు. చిన్న కోడలి వంక చూడలేదు. బాబాయి దగ్గరికి వెళ్లారు.

"నీ చెయ్యి మొద్దుబారింది" అన్నారు.

బాబాయి చేతులు గుడ్డకు తుడుచుకుని, "ఉండొచ్చండీ" అన్నాడు.

"బాబాయి తప్పు కాదు మామయ్యా. నా వైపే ఏదో ఉంది" అంది చిన్న కోడలు. ఆ మాట కూడా ఆ పిల్లే అంది. పెద్ద కోడలికి ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్ల కింద తను అనాల్సిన మాట అది. ఈ పిల్ల దాన్ని అంత సులువుగా, మంచినీళ్లు తాగినట్టు అనేసింది.

అయినా ఆమె చెప్పలేదు. చెబితే కుర్చీ తిరిగిరాదు. చెప్పకపోతే వస్తుంది. ఇంకో రెండు అద్దాలు పగిలితే మామగారే పాత పెట్టెను మళ్లీ మధ్య బల్ల మీదికి తెప్పిస్తారు. ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూ గుడ్డలు మడతపెట్టింది.

మర్నాడు పదకొండింటికి చిన్న కోడలు తెర మీంచి తల ఎత్తకుండానే అంది.

"అక్కా, ఇదో వింత. ఈ ప్రోగ్రాము ఒకచోట పనీపాటా లేకుండా ఒకటి నుంచి లక్షల దాకా లెక్కపెడుతోంది. దేనికోసమో ఆగుతున్నట్టుంది. వాచీ చూసుకోవడం రానివాళ్లు వేళ్లు లెక్కపెట్టుకున్నట్టు. పాత ప్రాసెసర్‌కి ఆ లెక్క చాలాసేపు పట్టుంటుంది. ఇక్కడ చిటికెలో అయిపోతోంది. ఎందుకోసం ఆగుతోందో ఇంకో గంటలో పట్టేస్తాను."

గంట. తను పదకొండు అద్దాలు పగలగొట్టుకుని, ఒక మనిషి పరువు తీసి తెలుసుకున్న సంగతిని, ఈ పిల్ల టీ తాగుతూ గంటలో పట్టేస్తుంది. ఆ తరవాత మామగారు ఏమంటారో ఆమెకు చెవిలో ముందే వినిపించింది. కుర్చీ పోతే పోయింది. ఆ మాట మాత్రం ఈ పిల్లకు దక్కకూడదు.

"నీళ్ల కోసం" అంది.

గదిలో అందరూ ఇటు తిరిగారు.

"నీళ్లు అద్దం మీదికి వచ్చేదాకా ఆగుతుంది. ఎంతసేపో చప్పుడును బట్టే తెలుస్తుంది. ప్లాస్టిక్‌కి నీళ్లు లేకపోయినా పరవాలేదు. గాజు ఓర్చుకోదు."

చిన్న కోడలు కళ్లు పెద్దవి చేసింది. "నీకెలా తెలుసక్కా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. తొందరలో జవాబు వరకే ఆలోచించింది. మామగారు స్క్రూడ్రైవర్ కింద పెట్టి చూస్తున్నారు. అబద్ధం ఏదీ సమయానికి తోచలేదు. ఆమె మూలకు నడిచి పాత పెట్టె మీది ప్లాస్టరును గోటితో లాగింది. కింద బటన్ కొత్తదానిలా తెల్లగా ఉంది.

"కొత్తలో ఇది నొక్కాను. వేగం ఎక్కువైంది. అప్పుడు పగిలిన పదకొండు అద్దాలూ నావల్లే. బాబాయి చెయ్యి కాదు."

"పదమూడమ్మా" అన్నాడు బాబాయి.

"ఏంటి?"

"పదకొండు కాదు, పదమూడు. రెండు నేను మీ మామగారికి చూపించకుండా పారేశాను. అప్పటికే నన్ను తినేసేట్టు చూస్తున్నారు."

మామగారు బటన్ వంక, బాబాయి చేతుల వంక చూశారు. చివరికి, "నాలుగు నెలలు కట్టించానా నీచేత పెట్టెలు?" అన్నారు.

"ఐదండీ."

ఆయన లేచి ఫ్లాస్కులోంచి టీ వంచి బాబాయి చేతికిచ్చారు. తన కప్పులోనే ఇచ్చారు. పెద్ద కోడలి వైపు చూసి ఏదో అనబోయి, ఊరుకున్నారు. ఆమెకు ఆ "ఊ" కూడా దక్కలేదు.

మిగిలిన పని మధ్యాహ్నం జరిగింది. దుబాసీ వేగాన్ని తగ్గించే అంకె ఒకటి చిన్న కోడలి చేతిలో ఉంది. ఎంతకు తగ్గించాలో తెలియదు. "నువ్వు చెప్పక్కా" అంది. పెద్ద కోడలు యంత్రం పక్కన నిలబడి కళ్లు మూసుకుంది. నీళ్ల పంపు తెరుచుకోవడం, నీళ్లు గొట్టంలో దగ్గడం, అద్దం మీద పడ్డాక చప్పుడు సన్నబడటం, ఇవన్నీ ఆమెకు పిల్లల అడుగుల చప్పుడంత తెలుసు.

"ఇంకా తగ్గించు... ఇంకా. అబ్బ, అంత కాదు. కొంచెం పెంచు. అదీ. అక్కడ ఉంచు."

గాజు అద్దం పెట్టారు. రాయి ఆగింది. నీళ్లు వచ్చాయి. రాయి తిరిగింది. మామగారు అద్దాన్ని తీసి, తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి, అంచంతా వేలితో తడిమారు.

"భలే" అన్నారు.

ఎవరి వైపూ చూడలేదు. అద్దాన్ని బల్ల మీద పెట్టి తన పనిలో పడ్డారు. చిన్న కోడలు ఆ అంకెను కాగితం మీద రాసి కొత్త పెట్టెకు అంటించింది. ఇక ఆ అంకె ఎవరైనా చదువుకోవచ్చు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ పెద్ద కోడలు భర్తను అడిగింది.

"భలే అని ఎవర్నన్నారంటారు?"

"అద్దాన్ని."

"మిమ్మల్ని అడిగాను చూడండి, నాదే బుద్ధి తక్కువ."

మర్నాడు ఎనిమిదింటికి ఆమె అలవాటుగా వర్క్‌షాపుకు వచ్చింది. చెయ్యడానికి ఏమీ లేదు. కొత్త పెట్టె అప్పటికే వెలుగుతోంది. సంచీ మేకుకు తగిలించి గుడ్డల కట్ట విప్పింది. చిన్న కోడలు వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు తనూ రెండు గుడ్డలు మడిచింది. వంకరగా మడిచింది. తరవాత, తెలిసీ తెలియనట్టు అడిగింది.

"అక్కా, నిన్న మామయ్య భలే అన్నది నిన్నే కదా?"

పెద్ద కోడలి చేతులు ఆగాయి. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది, కాని గొంతులో నవ్వు లేదు. ఆ గొంతు పెద్ద కోడలికి బాగా తెలుసు. రెండేళ్లుగా తన లోపల రోజూ వింటున్నదే. దాన్ని బయటి నుంచి వినడం ఇదే మొదటిసారి.

వంకరగా మడిచిన గుడ్డను తీసుకుని, విప్పి, అంచులు కలిపి మళ్లీ మడిచింది. కట్ట మీద పెట్టింది.

"ఊ" అంది.