పలాస వెళ్లే రోజే మొరాయించిన బండి

మా మెకానిక్ మావ పోయాడని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరేం చెప్పినా మొదట నమ్మకపోవడం నా జబ్బు. మరో ఇద్దరిని అడిగాను. అమ్మ పట్టుబట్టడంతో మా ఊరు అక్కుపల్లి నుంచి ఆమెను తీసుకుని వెళ్లి, వాళ్ల వాకిట్లో జనాన్ని చూశాకే నమ్మాను.

ఆ మాటకొస్తే ఆయనా ఎవరినీ నమ్మేవాడు కాదు. పలాస దారిలో రేకుల షెడ్డు ఆయనది. బండి స్టార్ట్ కావడం లేదంటే ముందు "పెట్రోలుందా?" అనేవాడు. ఉందంటే, "నువ్వు సెప్తే నమ్మీయాలేటి?" అని కారుని ఊపి చెవి పెట్టి వినేవాడు. తర్వాత బ్యాటరీ. మా సముద్రపు ఉప్పుగాలికి దాని కొనల మీద తెల్లటి పూత పట్టేస్తుంది. వేడినీళ్లు పోసి కడిగేవాడు. మా ఇంట్లో జీడిపిక్కల బస్తాలకు చేరిన ఎలుకలు వైర్లు కొరికాయేమో చూసేవాడు. చివరికి సెల్ఫ్ మోటార్ మీద స్పానర్‌తో రెండు దెబ్బలు. చేస్తున్నదంతా పైకి చెప్పేవాడు. "లోపల లైటు ఆర్పకుండా ఒగ్గీసినా బేటరీ దిగిపోతాది, బావూ." వెనక సీట్లో అమ్మ వింటూ కూర్చునేది.

అమ్మకి కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. అందుకే ఆ పాత కారు కొన్నాను. సోంపేట వెళ్లాలంటే బుద్ధిగా కదిలేది. పలాస వెళ్లాల్సిన పొద్దునే బ్యాటరీ చచ్చేది. ఒక్క నెలలో మూడుసార్లు! డయాలసిస్ తప్పి అమ్మ కాళ్లు ఉబ్బాయి, ఆయాసం వచ్చింది. నాకు భయంతో మతి పోయింది. బండి మీద చెయ్యేసేది ఆయనొక్కడే. మూడోసారి ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు అడిగేశాను.

"నువ్వే ఏదో సేత్తన్నావు మావా. పని కోసం మా అమ్మ పేనంతో ఆటలేటి?"

ఆయన బండిలోకి చూశాడు, అమ్మ వంక చూశాడు. వేడినీళ్లు తెమ్మని నన్ను లోపలికి పంపాడు. తిరిగొచ్చేసరికి అమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"అలాగే అనుకో బావూ. ఇంక ఆగదులే," అన్నాడు.

నిజంగానే ఆగలేదు. దొంగ దొరికాడనుకున్నాను. బండిని టెక్కలిలో చూపించడం మొదలుపెట్టాను. నలుగురికీ చెప్పాను కూడా. దారిలో ఎదురైతే ఆయన, తనకు అక్క వరసైన అమ్మ గురించి "అప్ప బావుందా?" అని మాత్రమే అడిగేవాడు. నేను ముక్తసరిగా తలూపేవాణ్ణి.

సోమవారం వాళ్లింటి నుంచి వస్తుంటే అమ్మ నోరు విప్పింది.

"బండి లోపల లైటు రాత్రిపూట నానే ఏసీదాన్నిరా. ఆ సూదులు, ఆ మంచం, ఇంక నా వల్ల కాదనిపించీది. ఆడు పట్టీసినాడు. 'నీ కొడుక్కి సెప్పనప్పా, తిడితే నన్నే తిట్టనీ. ఇంకోపాలి లైటేసినావంటే మాత్రం పలాస దాకా నానే బండి తోసుకెల్తాను. నా మోకాళ్లు పోతే ఆ పాపం నీదే' అన్నాడు."

నాకు సిగ్గేసింది. అమ్మ ఇవాళ ఉందంటే ఆయన వల్ల. ఆ సంగతి ఆయనతో అనలేకపోయాను.

మర్నాడు డయాలసిస్. దారిలో షెడ్డు దగ్గర బండి ఆపమంది అమ్మ. మెల్లగా దిగి వెళ్లి, సూది గాట్లున్న చేతిని ఆ మూసిన రేకు తలుపు మీద ఆనించి నిలబడింది. ఆసుపత్రిలో మా వేళ దాటిపోతోంది. నేను హారన్ కొట్టలేదు.