యాకూతియా నుంచి వచ్చిన పునాది

కొత్తగా పోసిన సిమెంటు మీద నీళ్ళు కొడితే లేచే పచ్చి వాసన ఇవాళ పొద్దున మా వీధి మలుపులో తగిలింది. ఎవరో ఇల్లు కడుతున్నారు. ఆ వాసనతోపాటే కోటయ్య మేస్త్రీ గుర్తుకొచ్చాడు. ఎనభైల్లో నరసరావుపేట చుట్టుపక్కల ఆయన దగ్గర నాలుగేళ్ళు ఇటుకలు మోశాను. ఆయనకు అక్షరం రాదు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మిగతా చదువంతా పేట గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివి నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను చదవాలి, పనివాళ్ళంతా వినాలి. అది మేస్త్రీ పెట్టిన నియమం. ఆ ఏడు రష్యాలో అచ్చయిన తెలుగు పుస్తకం ఒకటి నడుస్తోంది. అందులో యాకూతియా అనే ప్రాంతం గురించి రాశారు. విస్తీర్ణంలో దాదాపు మన దేశమంత, మనుషులు మాత్రం మన ఒక్క జిల్లాలో ఉన్నంతమంది కూడా లేరు. చలికాలంలో లేనా నది గడ్డకడితే దాని మీదే లారీలు నడుస్తాయి. యాకూతులు గుర్రాలను మేపి వాటి పాలు పులియబెట్టుకుని తాగుతారు. నేలలోంచి వజ్రాలు, బంగారం, బొగ్గు తీస్తారు. అక్కడ బజారులో పాలు గడ్డకట్టించి దిమ్మలుగా అమ్ముతారని చదివేసరికి మేస్త్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“దిమ్మలా? అయితే మనకాడ ఇటుకల మాదిరి పేర్చుకుంటారేందే?”

“ఆ, గోతాంలో వేసుకుని ఇంటికి పోతారంట బాబాయ్.”

“చానా మంచోళ్ళే. పాలల్లో నీళ్ళు కలిపితే అక్కడే తెలిసిపోద్ది.”

అందరం నవ్వాం గానీ, ఆ రోజుల్లో ఆయన లోపల నవ్వు లేదు. ఎడ్లపాడు వైపు నల్లరేగడిలో ఆయన కట్టిన రెండిళ్ళు ఒక్క ఎండాకాలం తిరిగేసరికి బీటలిచ్చాయి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది, గోడను కుదురుగా ఉండనివ్వదు. ఇప్పుడు పేరయ్య గారనే రైతు ఇల్లు అదే మట్టిలో మొదలుపెట్టబోతున్నాం. “ఈ గోడ కూడా పగిలితే తాపీ కింద పెట్టేస్తానమ్మాయ్,” అని నాతో ఒక్కదానితోనే అన్నాడు.

మర్నాడు చదివిన పేజీలో ఇళ్ళ సంగతి వచ్చింది. యాకూతియాలో నేల లోతున ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. పైపొర మాత్రం వేసవిలో కరిగి మెత్తబడుతుంది. అందుకని కదలని పొర దాకా స్తంభాలు దించి, వాటి మీద ఇల్లు నిలబెడతారు. ఇంటి వేడి నేలకు తగలకుండా కింద సందు వదులుతారు. మేస్త్రీ ఆ పేజీ మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత లేచి, పేరయ్య గారి స్థలంలో పునాదికి గీసిన గాడిలో గడ్డపారతో పొడుచుకుంటూ పోయాడు. నిలువెత్తుకు పైగా తవ్వాక, వానకీ ఎండకీ కదలని తెల్లటి సుద్దపొర తగిలింది.

“అక్కడ మంచు, ఇక్కడ మట్టి. పైది కదుల్తది, అడుగుది కదలదు. మనమూ అడుగుదాన్నే పట్టుకుందాం.”

సుద్ద దాకా గుంతలు తీసి కాంక్రీటు స్తంభాలు పోశాం. వాటి మీద బీములు వేసి, బీము కింద నాలుగు వేళ్ళ సందు వదిలాం. ఆ సందు చూసి పేరయ్య గారు మండిపడ్డారు.

“ఏంది మేస్త్రీ ఇది? ఇంటికి కాళ్ళు పెడతావా? మట్టి కొట్టి పూడ్చు, లేకపోతే సామాను సర్దుకో!”

ఆయన తల్లి పక్కనే పాత ఇంటి అరుగు మీంచి అందుకుంది. “పాములు కాపరం పెడతాయిరా నాయనా.”

చుట్టూ పదిమంది మూగారు. సామాను సర్దుకుంటే మేస్త్రీకి ఆ చుట్టుపక్కల మళ్ళీ పని దొరకదు. ఆయన నావైపు చూశాడు. “చదవ్వే అమ్మాయ్, గట్టిగా.”

పుస్తకం తెరిచి ఆ ఇళ్ళ పేజీ అందరికీ వినబడేలా చదివాను. పేజీ అయిపోయాక మేస్త్రీ అన్నాడు: “మట్టి ఉబ్బితే ఈ సందులోకి ఉబ్బుద్ది, మీ గోడ జోలికి రాదు. పూడిస్తే గోడని ఎత్తి పగలగొట్టుద్ది. పెద్దమ్మగారి పాములకి ముందు ఇటుక వరస అడ్డం పెడతా.” పేరయ్య గారు వంగి ఆ సందులో చెయ్యి పెట్టి చూశారు. చివరికి, “పగిలిందో, నీ సంగతి చెప్తా,” అని తువ్వాలు దులుపుకుని పోయారు.

వానలు పోయాయి, ఎండలు వచ్చాయి. చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు పడ్డాయి. మేస్త్రీ, నేను, పేరయ్య గారు ఆ ఇల్లు మూల మూలా తడిమి చూశాం. వెంట్రుకంత గీత కూడా లేదు. ఊరు ఊరంతా వచ్చి చూసింది.

“ఈ పని ఎక్కడ నేర్చావయ్యా?” అని అడిగారు పేరయ్య గారు.

“యాకూతియాలో.”

“నువ్వెప్పుడు పోయొచ్చావ్?”

“మా అమ్మాయి రోజూ అన్నాలప్పుడు తీసుకుపోయేదిగా!”

ఆ వారమే ఆయన నా నెత్తి మీది ఇటుకల తట్ట దింపించి చేతికి తాపీ ఇచ్చాడు. ఆడపిల్లకు తాపీయా అని నవ్వినవాళ్ళు తర్వాత నా చేత ఇళ్ళు కట్టించుకున్నారు. ఇప్పటికీ ఎంత దూరపు దేశం గురించి చదివినా, అక్కడివాళ్ళు తమ నేలతో ఎలా నెగ్గుకొచ్చారో వెతుకుతాను. పుస్తకం మూశాక నా చేతికి ఒక పని తెలిస్తేనే అది చదివినట్టు లెక్క.