నందికి కొమ్ములొచ్చిన ఆదివారం

నిన్న నంద్యాల బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "సినిమాలో నిద్ర లేస్తావే, ఆ పెద్దాయనవి నువ్వే కదా? యాక్టింగు యాడ నేర్చుకుంటివప్పా!" అన్నాడు. ముప్పై ఏళ్లు నాటకాలాడిన అనుభవమని చెప్పాను. నిజానికి ఆడింది ఒక్క నాటకమే. అందులో నేను ద్వారపాలకుణ్ణి, మాటల్లేవు.

సినిమా మా మనవరాలిది. నంద్యాలలో చదువుకుంటూ, కాలేజీ పోటీ కోసం స్నేహితులతో కలిసి మొదలుపెట్టింది. చేతులు వణికే ముసలి శిల్పి, సగంలో ఆగిపోయిన నంది. కథ అంతే. నా ముఖంలో తేజస్సు చూసి నన్ను తీసుకున్నారని ఇంట్లో చెప్పుకున్నాను. మిగతా ముసలివాళ్లెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. షూటింగు ఆళ్లగడ్డలో, మా బావమరిది శిల్పశాలలో. ఆ వీధిలో ఉలి చప్పుడు ఆగడమంటూ ఉండదు. మైకు పట్టుకున్న పిల్ల "అన్నా, రొంతసేపు ఆపన్నా" అంటూ గడప గడపా తిరిగేది. ఈ పక్క ఆగితే ఆ పక్క మొదలయ్యేది. ఇక నేను ఉలి పట్టుకోగానే మా బావమరిది, "ఏంది బావా, పండ్లు తోముకుంటాండావా?" అన్నాడు.

మొదటి ఆదివారం, మా బావమరిది సగం చెక్కి ఉంచిన మొరటు రాయి ముందు నేను దిగాలుగా కూర్చునే సీన్లన్నీ తీశారు. అదే రాయి ముందు తీయాల్సిన చివరి సీను మాత్రం మరుసటి ఆదివారానికి మిగిలింది. ఆ మర్నాడే సినిమా కాలేజీలో ఇచ్చేయాలి. తీరా వెళ్లి చూస్తే నందికి కొమ్ములొచ్చాయి, చెవులొచ్చాయి, మెడలో గంటలు కూడా వచ్చాయి.

"ఎంత పని చేస్తివి తాతా!" అంది మనవరాలు మా బావమరిదితో.

"ఏందమ్మా, బండి ఆత్మకూరు గుడోళ్లు రేపు పొద్దున్నే తీసకపోను వస్తాండారు. నీ సినిమా కోసరం బసవన్నను చెవుల్లేకుండా పంపాల్నా?" అన్నాడు బావమరిది.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓదార్చాల్సిన నేను సంగటీ నాటుకోడి పులుసూ మారు వడ్డించుకుని తిని, శిల్పి వేషంలోనే రాతిపొడి బస్తాకు ఆనుకున్నాను. కళ్లు తెరిచేసరికి ముఖానికెదురుగా నున్నటి నంది. ఎక్కడున్నానో తెలియలేదు. చెయ్యి చాచి మెల్లగా దాని మూతి తడిమాను, చల్లగా తగిలింది. అప్పుడు గమనించాను, వీధంతా ఒక్క ఉలీ మోగడం లేదు. కెమెరా వెనక మనవరాలు పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. దిగులుతో కునుకు తీసిన శిల్పి లేచేసరికి నంది పూర్తయి ఉంటుంది. ఆ మధ్యాహ్నం సినిమా ముగింపు అలా మారింది.

మొదటి బహుమతి వచ్చిందని ఊరంతా చెప్పాను. వచ్చింది రెండోది. నా గురక తీసేసి, ఆ చోట వేణువు పెట్టారు.

ఇప్పుడు ఫోనులో ఆ సీను చూసుకుంటుంటే, ముసలాయన ముఖంలోని ఆశ్చర్యం నందిని చూసి కలిగింది మాత్రమే కాదనిపిస్తుంది. మొన్నమొన్నటిదాకా నా భుజమెక్కి తిరిగిన పిల్ల, అక్కడ నిలబడి వీధి వీధినే నిశ్శబ్దం చేసింది. నేను కునుకు తీసి లేచే ప్రతిసారీ కాలం ఎవరినో ఒకరిని చెక్కడం పూర్తి చేసి పెడుతోంది.