తడిగుడ్డ మీదికి నెట్టిన తప్పు

ఎనిమిదేళ్ల కిందట నేనొక అబద్ధం చెప్పాను. నా దగ్గర అది ఇప్పటికీ అబద్ధంగానే ఉంది. పుంగనూరు నుంచి వచ్చిన ఒకామె దగ్గర మాత్రం నిజమై కూర్చుంది. ఆ తేడాను ఇన్నేళ్లూ ఒక్కణ్ణే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మదనపల్లెలో నాకొక రిపేరు అంగడి ఉంది. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోళ్లు చూస్తాను. పాడైనవి బాగుచేయడం కంటే, ఉన్నవి ఎక్కువ కాలం ఆడేలా చేయడంలో నాకు పేరు. లోపలి దుమ్ము తీసి, చిప్పు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకి కొత్తది పూసి, ఫ్యాను మారిస్తే పాత కన్సోలు కూడా మరో నాలుగైదేళ్లు వస్తుంది. ఆ మాట గర్వంగా చెప్పేవాణ్ణి.

ఆమెను లక్ష్మీదేవమ్మ అందాం. భర్త నాగరాజప్ప లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. వేళ్లు ఆడిస్తూ ఉండమని డాక్టరు చెబితే, పిసకడానికి రబ్బరు బంతి తెచ్చిచ్చారట. ఆయన విసిరికొట్టాడట. అల్లుడు తన పాత కన్సోలు తెచ్చి కార్ల పందెం పెట్టిచ్చాక మాత్రం పొద్దంతా దాని ముందే. మూడు నెలలకు ఎడమ బొటనవేలు కదిలింది. కన్సోలును తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రోజున ఆమే ఇదంతా చెప్పింది. ఫ్యాను రొద చేస్తోందని, వేడెక్కి నడుమ నడుమ ఆగిపోతోందని అంది. అది పాడవలేదు. పాడవకూడదని తెచ్చింది.

మర్నాడు రమ్మన్నాను.

ఆ సాయంత్రం విప్పాను. అంత శుభ్రంగా వాడిన కన్సోలు నా చేతికి అరుదుగా వస్తుంది. లోపల కొంచెం పొడి దుమ్ము, అంతే. ఎక్కడా తడి మరక లేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాను. ఫ్యాను తీగ ఊడిరాలేదు. వేళ్లతో నిదానంగా లాగాల్సింది. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాను. అది జారి, బోర్డు మీద చిప్పు పక్కన వెంట్రుకల్లా ఉండే రాగి గీతల్ని అడ్డంగా కోసేసింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. ఫోను పెట్టేశాను. సన్నతీగలు అతికించి చూశాను. మళ్లీ చూశాను. దానికి ప్రాణం రాలేదు.

రాత్రి బాగానే నిద్రపోయాను. ఇది కూడా చెప్పాలి కదా.

పొద్దున ఆమె వచ్చేసరికి నా ప్రశ్న సిద్ధంగా ఉంది.

“దీన్ని తడిగుడ్డతో తుడుస్తాండారా అమ్మా?”

“అవునప్పా. దుమ్ము పడతాదని దినామూ తుడుస్తాండాను. బాగా పిండే తుడిసేది.”

“లోపలికి నీళ్లు పోయినాయి. బోర్డు పోయింది. ఇంక కాదు.”

ఆమె కన్సోలు వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు.

“అయితే నేనే పాడు సేసినానా?”

నేను తల ఊపాను. నోటితో అవునని కూడా అనలేదు. ఆ తల ఊపడానికి ఎంతసేపు పట్టింది? కాదని చెప్పడానికీ అంతే పట్టేది కదా?

“నువ్వేం సేస్తావులే అప్పా,” అని ఆమె నన్నే ఓదార్చింది. తువ్వాలులో మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయింది.

ఎందుకలా చెప్పాను? అంగడికి చెడ్డపేరు వస్తుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. నేను ఆ ప్రశ్న అడిగింది, ఏ ఇల్లాలైనా అవుననే అంటుందని తెలిసి. ఆమె తనను నిందించుకునే మనిషని మొదటిరోజే కనిపెట్టాను కాబట్టి.

కొన్ని నెలలకు అల్లుడు వేరే పని మీద అంగడికొచ్చి, మాటల్లో చెప్పాడు. కన్సోలు పోయినప్పటి నుంచి మామ అత్తతో మాట్లాడటం మానేశాడట. ఇద్దరినీ కుప్పంలో తన ఇంటికి తీసుకుపోయాడట. పని చూసుకుంటున్నట్టు నేను తల దించుకున్నాను. వారం తిరగకముందే నా దగ్గరున్న మంచి కన్సోలొకటి విప్పి, శుభ్రం చేసి, సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు లోపల అనుకుంటూనే ఉన్నాను. ‘అమ్మా, తప్పు నాది.’ మూడే మాటలు.

నాగరాజప్ప వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. అంగట్లో ఊరికే పడుంటే తెచ్చానని కన్సోలు బయటికి తీశాను. ఇంకో అబద్ధం. ఆమె వెనక్కి జరిగింది.

“వద్దప్పా. నా సెయ్యి తగిలితే ఇదీ పోతాది. టీవీ కాడికి కూడా నేను పోయేది లేదు ఇప్పుడు.”

ఆయన అది విన్నాడు. గోడవైపు తిరిగాడు. ఆ మూడు మాటలు నా నాలుక మీదే ఉన్నాయి. మజ్జిగ తాగాను. గ్లాసు కింద పెట్టాను. కన్సోలు సంచిలో పెట్టుకుని తిరిగొచ్చేశాను.

నాగరాజప్ప పోయిన ఏడాది చనిపోయాడు. చివరిదాకా ఆ చెయ్యి తెరుచుకోలేదట. ఆట ఆగకపోతే తెరుచుకునేదా? నాకు తెలియదు. తెలియదన్న మాట వెనక దాక్కోవడానికి కూడా చూశాను. చెయ్యి సంగతి తెలియకపోవచ్చు. కానీ ఆ మొగుడూ పెళ్లాల మధ్య మాట పోవడానికి నేనే కారణమని తెలుసు.

ఆమె కుప్పంలోనే ఉంది. ఇల్లు తెలుసు. బస్సు రోజూ ఉంది. నేను పోలేదు. పోతానని మీకు మాట ఇవ్వను, నా మాట సంగతి ఇప్పుడు మీకూ తెలుసు కదా.

ఆ కన్సోలును చెడగొట్టింది నేను. లక్ష్మీదేవమ్మ కాదు. ఎనిమిదేళ్లలో ఈ వాక్యం నా లోపలి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. రాశాక రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.