కొండ మీది చలికి హీటర్

ఒమాన్‌లో హీటర్ బాగుచేయమని అడిగినవాణ్ణి అంతవరకు నేను చూడలేదు. బండి లోపలి హీటర్ రేడియేటర్ కారితే దానికి వెళ్లే రెండు వేడినీళ్ల పైపులనూ పీకి, ఒకదానికొకటి కలిపేస్తాం. హీటర్ పోతుంది, కారడం ఆగుతుంది. మస్కట్‌లోని అల్ హైల్‌లో మా గ్యారేజీ అలవాటు అదే.

ఆ పాత మోటార్‌హోమ్‌కూ మా ఫోర్‌మన్ అదే చేశాడు. వెనక మంచం, పొయ్యి ఉన్న బండి అది. యజమాని ఒమానీ, స్కూలు మాస్టరు. తీసుకెళ్లడానికి వచ్చి హీటర్ వేస్తే చల్లగాలి కొట్టింది. స్విచ్చి ఆపి, హిందీలో చెప్పాడు. వాళ్లమ్మది జబల్ అఖ్దర్ కొండ మీది ఊరు. కేన్సర్ ముదిరి డాక్టర్లు చేతులెత్తేశారు. పోయేలోగా ఊరు చూడాలంటోందట. కింద ఎండలోనే దుప్పటి కప్పుకునే మనిషి, పైన డిసెంబరు చలికి ఎలా ఆగుతుంది? బండి కొన్నదే అందుకట.

"ఈ దేశంలో హీటర్ ఎవునికి కావల్లబ్బా అనుకుంటి," అని మా కడప ఫోర్‌మన్ నసిగి, పని నా నెత్తిన పెట్టాడు.

నా భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. సెలవు మీద వెళ్లి, కార్యం చేసి, తిరిగొచ్చి డ్యూటీలో చేరాను. ఇక్కడ అడిగినవాళ్లకు ఇంట్లో పనుండి వెళ్లానన్నాను, అంతే. బాధ అని కూడా అనలేను. తిన్నది తిన్నట్టు తెలిసేది కాదు.

డాష్‌బోర్డు మొత్తం విప్పాను. ఏ దరిద్రుడు తయారుచేశాడో గానీ హీటర్ రేడియేటర్‌ని చెయ్యి పట్టని మూలలో ఇరికించాడు. ఇత్తడిది కాబట్టి టంకం పెట్టించి బిగిస్తే ఇంకోచోట చెమ్మ. మళ్లీ విప్పాను. మాస్టరు రోజూ ఫోన్ చేసేవాడు. అమ్మ ఇవాళ రెండు గుక్కల పాలు తాగిందనో, తాగలేదనో చెప్పేవాడు. నేను అచ్ఛా అనేవాణ్ణి. రెండోసారి టంకం నిలిచింది. ఆ రోజు అతని ఫోన్ రాలేదు.

సంతాపం రోజులు గడిచాక వచ్చాడు. బండి రెడీ అన్నాను. అమ్మ పోయిందన్నాడు. బండి తలుపు తీశాను.

ఎక్కి కూర్చుని హీటర్ వేయమన్నాడు. డిసెంబరైనా మస్కట్ ఎండ ఎండే. నేనూ ఎక్కి, అద్దాలు మూసి, హీటర్ వేశాను. వేడిగాలికి అరచేతులు చాపాడు.

"అమ్మకు సరిపోయేది," అన్నాడు.

నీకు ఇంట్లో ఎవరున్నారని నన్ను అడిగాడు.

"నా భార్య చనిపోయింది," అన్నాను.

ఈ దేశంలో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక నాకు ఏడుపొచ్చింది. ఆయన హీటర్ ఆపమనలేదు.